లాగిన్ తెరకు లస్కరు కావాలా?

కట్టడి పక్షం: కంప్యూటరు లేవగానే పేరూ పాస్‌వర్డూ అడిగే తెర వెనక పనిచేసే ప్రోగ్రామును లాగిన్ మేనేజర్ అంటారు. లినక్స్ రకాలైన ఉబుంటులోనూ ఫెడోరాలోనూ అది జీడీఎం. కేడీఈ డెస్క్‌టాప్ ఉన్నచోట చాలావరకు ఎస్‌డీడీఎం. పాత యంత్రాల మీద వేసుకునే తేలిక డెస్క్‌టాప్‌లకు ఎక్కువగా లైట్‌డీఎం. 1988 నాటి ఎక్స్‌డీఎం వీటన్నిటికీ తాత. పేరేదైనా పని ఒకటే. మనిషెవరూ లోపలికి రాకముందే రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద సర్వాధికారంతో, లేచి కూర్చుంటుంది. పాస్‌వర్డు పుచ్చుకుంటుంది. అది సరైనదో కాదో పామ్ అనే తనిఖీ ఏర్పాటులోని మాడ్యూళ్ల వరుస చేత తేల్పిస్తుంది. తేలాక ఆ మనిషి గుర్తింపుతో డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టి తాను పక్కకు తప్పుకుంటుంది. ఎవరో తెలియని మనిషి వేళ్లు రూట్ ప్రోగ్రాముకు ఇంత దగ్గరగా వచ్చే చోట్లు కంప్యూటరులో అరుదు. మామూలు ఫైలు పర్మిషన్లు ఇక్కడ అక్కరకు రావు, ఎందుకంటే అవి రూట్‌ను ఆపవు.

అక్కరకు వచ్చేది తప్పనిసరి నియంత్రణ. అదేమిటో కృష్ణా డెల్టా రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. చేలోకి పారే బోదెకు మడవ తీసుకోవడం, కట్టుకోవడం రైతు ఇష్టం. పక్క చేనుకు ఓ పూట నీళ్లివ్వడమూ అతని ఇష్టమే. బందరు కాలువ మీది షట్టరు సంగతి వేరు. ఎన్ని ఎకరాల ఆసామి అయినా దాన్ని ముట్టుకోకూడదు, కాలువ చూసే ఉద్యోగి లస్కరే తిప్పాలి. ఆ లస్కరు కూడా పైనుంచి వచ్చిన లెక్క ప్రకారమే తిప్పాలి. లినక్స్‌లో ఫైలు పర్మిషన్లు బోదె లాంటివి, ఎవరి ఫైలు వారి చిత్తం. షట్టరు దగ్గర నిలబడే లస్కరు కెర్నెల్. అతని చేతికి లెక్క కాగితం ఇచ్చే పద్ధతుల్లో రెండు బాగా వాడుకలో ఉన్నాయి. ఎస్ఈలినక్స్‌ను అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో బయటపెట్టింది, 2003లో 2.6 కెర్నెల్‌తో అది అసలు లినక్స్‌లో కలిసింది. ఆప్‌ఆర్మర్ 2010లో 2.6.36తో కలిసింది. రూట్ అయినా సరే, కాగితం మీద లేని పని చేయబోతే ఈ రెండూ ఆపుతాయి. అలాంటి కాగితం లాగిన్ మేనేజర్‌కు లేకపోతే ఇక దేనికి ఉండాలి?

వెసులుబాటు పక్షం: పోలిక బాగానే ఉంది, కానీ లాగిన్ మేనేజర్ ఒక చేనుకు నీళ్లు వదిలే తూము కాదు. అన్ని కాలువలూ బయలుదేరే ఆనకట్ట అది. ఏమేం ముట్టుకోవాలో లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. పాస్‌వర్డు సరిచూసే సాయం కావాలి. ప్రతి వాడుకరి హోమ్ ఫోల్డరులోకి తొంగిచూడాలి, లేకపోతే పేరు పక్కన బొమ్మ రాదు, గతసారి ఎంచుకున్న డెస్క్‌టాప్ గుర్తుండదు. గ్రాఫిక్ కార్డు, కీబోర్డు, మౌస్, వర్చువల్ టెర్మినళ్లు కావాలి. వేలిముద్ర రీడరుంటే అదీ కావాలి. సేవలను లేపే సిస్టమ్‌డీతో మాట్లాడాలి, సెషన్ల లెక్క చూసే లాగిన్‌డీతో మాట్లాడాలి, మూల ఉన్న మీట నొక్కితే యంత్రాన్ని ఆపగలగాలి. చివరికి ఏ వాడుకరి వేషమైనా వేయగలగాలి, ఎందుకంటే దాని ఉద్యోగమే అది. ఒక్కో దానికి ఒక్కో అనుమతి రాస్తూ పోతే మిగిలేది గోడ కాదు, జల్లెడ. ఎస్ఈలినక్స్‌లో లాగిన్ మేనేజర్ నడిచే డొమైన్ పేరు ఎక్స్‌డీఎం_టీ. దానికిచ్చిన అనుమతుల జాబితా చదవడానికి కూర్చున్నవాడు మధ్యాహ్న భోజనం మరిచిపోతాడు.

పోనీ, అంత రాసినా అసలు ప్రమాదం ఆగుతుందా? 2020 నవంబరులో ఉబుంటు 20.04లో ఒక లోపం బయటపడింది. ఖాతాల వివరాలు చెప్పే సేవ ఒకటి వెనక నడుస్తుంటుంది. ఒక మామూలు వాడుకరి దాన్ని ముందు దారి తప్పించి, లాగౌట్ అయ్యాక కూలిపోయేట్టు చేయగలిగాడు. జీడీఎం అలవాటు ప్రకారం ఆ సేవను, ఈ యంత్రంలో ఎవరెవరున్నారని అడిగింది. జవాబు రాలేదు. ఎవరూ లేరు కాబోలు, ఇది కొత్త కంప్యూటరు కాబోలు అనుకుని మొదటిరోజు చూపించే ఏర్పాట్ల తెరను పెట్టింది. అక్కడ పేరూ పాస్‌వర్డూ కొట్టుకున్నవాడికి నిర్వాహకుడి అధికారాలున్న ఖాతా దక్కింది. ఇందులో జీడీఎం చేసిన ప్రతి పనీ, దానికి ఎవరు కాగితం రాసినా అందులో ఉండే పనే. లస్కరు లెక్క ప్రకారమే షట్టరు ఎత్తాడు, లెక్క అడిగిన మనిషే పొరపడ్డాడు.

కట్టడి పక్షం: ఆ ఉదాహరణకు ఎదురు చెప్పేదేమీ లేదు. ప్రోగ్రాము తన సొంత తర్కంలో పొరపడితే కెర్నెల్ పట్టుకోలేదు. అయితే లాగిన్ మేనేజర్‌ను ఒకే ముద్దగా చూడటం వల్ల వాదం అటు వాలింది. రూట్‌గా నడిచే డీమన్ వేరు, తెర మీద కనిపించే గ్రీటర్ వేరు. లైట్‌డీఎంలో గ్రీటర్ లైట్‌డీఎం అనే విడి వాడుకరి కింద నడుస్తుంది, జీడీఎం, ఎస్‌డీడీఎంలు కూడా తమ గ్రీటర్‌కు విడి ఖాతానే వాడతాయి. బొమ్మలు, ఫాంట్లు, థీములు, భాషల జాబితా లాంటి బండెడు కోడ్ అంతా ఉన్నది గ్రీటర్‌లో. దాన్ని ఇరుకు గదిలో పెట్టడం కష్టమూ కాదు, దండగా కాదు. డీమన్‌కు విశాలమైన కాగితం ఇవ్వక తప్పకపోతే ఇవ్వవచ్చు.

ఇంకా ముఖ్యమైన సంగతి మరొకటుంది. లాగిన్ మేనేజర్‌ను కట్టడి చేసేది దాన్ని అదుపు చేయడానికి మాత్రమే కాదు. లోపలికి పంపే మనిషికి ముద్ర వేసేది అక్కడే. ఎస్ఈలినక్స్‌లో ఈ పని పామ్_ఎస్ఈలినక్స్ మాడ్యూల్ చేస్తుంది. జీడీఎం పాస్‌వర్డు లాగిన్‌కు వాడే పామ్ ఫైలు తెరిస్తే సెషన్ వరుసల్లో దాని పేరు రెండుసార్లు కనిపిస్తుంది, పైన క్లోజ్, కింద ఓపెన్. చూడటానికి తలకిందులుగా ఉంటుంది కానీ అర్థం ఉంది. సెషన్ ముగిసేటప్పుడు పాత సందర్భానికి, అంటే పాత ముద్రకు, తిరిగిరావడం అన్నిటికన్నా ముందు జరగాలి. మొదలయ్యేటప్పుడు వాడుకరి సందర్భంలోకి మారడం, రూట్ హోదాలో జరగవలసిన పనులన్నీ అయ్యాకే జరగాలి. ఓపెన్ వరుసకు కింద ఉండదగినవి వాడుకరి హోదాలో నడవవలసిన మాడ్యూళ్లే. ఈ వరుస పైకీ కిందికీ అయితే మనిషి లోపలికి వస్తాడు, కానీ తప్పు ముద్రతో వస్తాడు.

ఫెడోరాలోనూ రెడ్‌హ్యాట్‌లోనూ ఎవరికీ విడిగా ఏమీ చెప్పకపోతే వాడుకరులందరికీ అన్‌కన్‌ఫైన్డ్ ముద్ర పడుతుంది, అంటే కట్టడి లేనట్టే. సెమేనేజ్ లాగిన్ ఆదేశంతో విద్యార్థుల ఖాతాలను యూజర్_యూ అనే కట్టడి ముద్రకు జతచేస్తే సీను మారుతుంది. అలా వచ్చినవాడు ఎస్‌యూ కొట్టలేడు, సూడో కొట్టలేడు. రూట్ పాస్‌వర్డు ఎక్కడో చూసి గుర్తుపెట్టుకున్నా అతని సెషన్ లోపల అది పనికిరాదు. బెజవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో రూట్ పాస్‌వర్డు ఎన్నేళ్లు రహస్యంగా నిలుస్తుందో అందరికీ తెలిసిందే.

వెసులుబాటు పక్షం: యూజర్_యూ వాదానికి బలముంది. ఆ బలం ఎక్కడ ఎదురు తిరుగుతుందో కూడా చూడాలి. ల్యాబులో హోమ్ ఫోల్డర్లన్నీ ఉన్న డిస్కు నిండింది అనుకుందాం. టెక్నీషియన్ కొత్త డిస్కు పెట్టి, డేటా అనే ఫోల్డరు కింద హోమ్ అని ఇంకొకటి తెరిచి, అన్నీ అక్కడికి కాపీ చేసి, ఖాతాల్లో దారి మార్చాడు. ఫైలు పర్మిషన్లు జాగ్రత్తగానే చూసుకున్నాడు. ఎల్ఎస్ కొట్టి చూస్తే యజమానీ సరే, గ్రూపూ సరే. కానీ కొత్త చోటు ఎస్ఈలినక్స్ పాలసీకి, అంటే లస్కరు చేతిలోని కాగితానికి, తెలియదు. అక్కడి ఫైళ్లకు హోమ్ ఫోల్డరు లేబుల్ బదులు డిఫాల్ట్_టీ లాంటి అనామక లేబుల్ పడింది. తెల్లారి విద్యార్థి పాస్‌వర్డు కొడతాడు. తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. మళ్లీ అదే లాగిన్ తెర. మళ్లీ కొడతాడు, మళ్లీ అదే. పాస్‌వర్డు తప్పని కూడా చెప్పదు, ఎందుకంటే పాస్‌వర్డు సరైనదే. డెస్క్‌టాప్ తన సొంత ఇంట్లో తాను రాసుకోలేక చచ్చిపోయింది. అదే యంత్రంలో అన్‌కన్‌ఫైన్డ్‌గా ఉన్న టెక్నీషియన్ లాగిన్ అయితే అంతా చక్కగా వస్తుంది. నాకు బాగానే వస్తోందే అంటాడు అతను. ఆ మాట అబద్ధం కాదు, అదే విచిత్రం.

ఏదో ఒక సర్వర్ మీద ఇలాంటి తప్పు జరిగితే ఒక సేవ ఆగుతుంది. లాగిన్ దగ్గర జరిగితే మనుషులే బయట నిలబడతారు. అరవై మంది ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన పొద్దున ఇది జరిగితే ఎవరైనా ఏం చేస్తారు? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ తెరలోకి వెళ్లి, కట్టడిని సడలించే సెట్‌ఎన్‌ఫోర్స్ సున్నా కొడతారు. అందరూ లోపలికి వస్తారు. ఆ సున్నా రీబూట్ దాకానే ఉంటుందని తెలిసి, కాన్ఫిగ్ ఫైలులో కూడా పెర్మిసివ్ అని రాసేస్తారు. పరీక్ష అయిపోతుంది, సెమిస్టరు అయిపోతుంది, ఆ మాట అక్కడే ఉండిపోతుంది. కట్టడి ఉందనుకుంటూ లేకుండా బతకడం, లేదని తెలిసి జాగ్రత్తగా బతకడం కన్నా హీనం.

కట్టడి పక్షం: ఆ పొద్దున బాధ నిజమే, కానీ ఆ తప్పుకు మందు రెండు వరుసలు. పాలసీకి ఈ కొత్త చోటు కూడా పాత హోమ్ లాంటిదేనని సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో సమానత్వం చెప్పడం ఒకటి, రీస్టోర్‌కాన్‌తో ఆ చెట్టంతా లేబుళ్లు వేయించడం రెండు. యంత్రమంతా గందరగోళమైతే రూట్ ఫోల్డరులో ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైలు పెట్టి రీబూట్ చేస్తే అన్నీ తిరగరాసుకుంటుంది. కొంచెం సేపు పడుతుంది, అంతే.

రోగమేదో తెలియకపోతే చూసే చోటు ఆడిట్ లాగ్. అక్కడ ఏవీసీ డినైడ్ అనే వరుసను ఒకసారి నిదానంగా చదివినవాడికి మళ్లీ భయం ఉండదు. మీసాల బ్రాకెట్ల మధ్య ఉన్నది చేయబోయిన పని, చదవడమో రాయడమో. కామ్ పక్కన ఉన్నది చేయబోయిన ప్రోగ్రాము పేరు. ఎస్‌కాంటెక్స్ట్ అంటే ఆ ప్రోగ్రాము ముద్ర. టీకాంటెక్స్ట్ అంటే ఎదుటి వస్తువు ముద్ర. టీక్లాస్ అంటే ఆ వస్తువు ఫైలా, ఫోల్డరా, సాకెట్టా. పై ఉదాహరణలో టీకాంటెక్స్ట్ దగ్గర డిఫాల్ట్_టీ కనపడగానే తప్పు పాలసీది కాదు, లేబుల్‌ది అని తెలిసిపోతుంది. కొన్నిసార్లు లాగ్ ఖాళీగా ఉంటుంది. అనవసర రొద అని పాలసీ రాసినవాళ్లు కొన్ని తిరస్కారాలను డోంట్‌ఆడిట్ కింద మూసిపెడతారు. సెమాడ్యూల్‌కు డీబీ జోడించి కొడితే ఆ మూత తీసేయవచ్చు.

సున్నా కొట్టాల్సిన పని కూడా లేదు. సెమేనేజ్ పెర్మిసివ్‌తో అడ్డు తగిలిన డొమైన్ ఒక్కదాన్నే, పై ఉదాహరణలో యూజర్_టీని, వదులు చేయవచ్చు, మిగతా యంత్రమంతా కట్టడిలోనే ఉంటుంది. ఆప్‌ఆర్మర్‌లో అయితే ఆ ఒక్క ప్రొఫైల్‌నే ఆపకుండా నమోదు మాత్రమే చేసే కంప్లైన్ స్థితిలో పెట్టి, వారం రోజులు అన్ని రకాల లాగిన్లూ జరగనిచ్చి, ఏఏ-లాగ్‌ప్రాఫ్ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పి, ఆ తరువాత ఎన్‌ఫోర్స్‌లోకి మార్చవచ్చు. ఒక్కటి మాత్రం ఎదుటి పక్షం అడగకముందే ఒప్పుకోవాలి. ఆడిట్2అలౌ అనే పనిముట్టు చేతిలో ఉంటే, లాగ్‌లో కనిపించిన ప్రతి తిరస్కారాన్నీ అనుమతిగా మార్చి పారేయడం చాలా తేలిక. పైన చెప్పిన డిస్కు తప్పుకు దాన్ని వాడితే, లేబుల్ లేని ప్రతి వస్తువునూ ప్రతి విద్యార్థీ రాసుకోవచ్చనే నియమం పుడుతుంది. ఆ నియమాన్ని మళ్లీ వెతికి తీసేసేవాడు ఉండడు.

వెసులుబాటు పక్షం: సరే, చేయి తిరిగినవాళ్లే రాసిన కట్టడి తీసుకుందాం. అది కూడా లాగిన్ మేనేజర్ దగ్గరే, అతిథి సెషన్ కోసమే. ఉబుంటులో పాస్‌వర్డు లేకుండా వచ్చిపోయే అతిథి సెషన్ 2008లో 8.10తో మొదలైంది. 2011లో 11.10 నుంచి లైట్‌డీఎం దాన్ని చూసుకుంది. అతిథికి తాత్కాలిక హోమ్ ఫోల్డరు ఇచ్చేవారు, లాగౌట్ కాగానే చెరిపేసేవారు. ఇతరుల ఫోల్డర్లు చూడకుండా ఆప్‌ఆర్మర్ ప్రొఫైల్ అడ్డుండేది. నెట్ సెంటర్లకు ఇంతకన్నా తగిన ఏర్పాటు ఏముంటుంది? ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల రోజుల్లో బెజవాడ నెట్ సెంటర్లో ఒకే కుర్చీలో ఒకరి తరువాత ఒకరు ఎంతమంది కూర్చుని లేస్తారో చూసినవారికి దీని విలువ తెలుస్తుంది.

ఆ ప్రొఫైల్ ఎలా పనిచేసేదంటే, లైట్‌డీఎం అతిథి డెస్క్‌టాప్‌ను నేరుగా మొదలుపెట్టకుండా ఒక చిన్న ప్రోగ్రాము ద్వారా మొదలుపెట్టేది. ప్రొఫైల్ తగులుకునేది ఆ చిన్న ప్రోగ్రాముకు. అక్కణ్ణుంచి పుట్టిన పిల్లలూ మనవళ్లూ అందరికీ అదే ప్రొఫైల్ వారసత్వంగా వచ్చేది. చక్కటి ఏర్పాటు. 16.10లో డెస్క్‌టాప్ సెషన్ నడిపే బాధ్యత సిస్టమ్‌డీకి మారింది. వాడుకరి తరఫున సిస్టమ్‌డీ ఒక విడి ప్రక్రియను లేపుతుంది, డెస్క్‌టాప్‌లోని ప్రోగ్రాములు దానికి పుడతాయి. ఆ ప్రక్రియ లైట్‌డీఎం బిడ్డ కాదు, నేరుగా మొదటి ప్రక్రియకు పుట్టింది. వారసత్వం తెగిపోయింది. ప్రొఫైల్ ఫైలు డిస్కు మీద అక్షరం చెక్కుచెదరకుండా ఉంది. కెర్నెల్‌లో లోడ్ అయి ఉంది. స్థితి అడిగితే ఎన్‌ఫోర్స్ అనే చెబుతుంది. అతిథి మాత్రం ఫైల్ మేనేజర్ తెరిచి పక్కవాడి హోమ్ ఫోల్డరులో షికారు చేయగలిగాడు. ఆ రోజుల్లో ఉబుంటు హోమ్ ఫోల్డర్లు మామూలుగా అందరూ చదవగలిగేట్టే ఉండేవి, ప్రొఫైల్ ఉంది కదా అన్న ధీమా ఒకటి. 2017 మేలో దీన్ని బాహాటంగా ఒప్పుకుని, అతిథి సెషన్‌నే అప్రమేయంగా మూసేశారు. అదే ఏడు అక్టోబరులో 17.10తో ఉబుంటు తిరిగి జీడీఎంకు వెళ్లిపోయింది.

తప్పు పాలసీ రాసినవారిది కాదు, సిస్టమ్‌డీ వారిదీ కాదు. రెండు మంచి పనుల మధ్య సందులో కట్టడి జారిపోయింది. ఎవరికీ తిరస్కారం రాలేదు కాబట్టి లాగ్‌లో ఒక్క వరుస కూడా పడలేదు. ఇందాక చెప్పిన ఏవీసీ వరుస చదవడం, ఆడిట్ లాగ్ తెరవడం లాంటి విద్యలేవీ ఇక్కడ సాయపడవు.

కట్టడి పక్షం: ఆ సంగతి కట్టడికి నిజంగా పెద్ద దెబ్బ. దాన్ని చిన్నది చేసి చూపడం న్యాయం కాదు. అయితే అది ఎందుకు నిశ్శబ్దంగా జరిగిందో చూస్తే, అన్ని ఏర్పాట్లూ అలాగే విఫలం కానక్కర్లేదని కూడా తెలుస్తుంది. ఫెడోరాలో ఇదే పనికి ఎక్స్‌గెస్ట్ అనే ఖాతా ఉంది. దానికీ పాస్‌వర్డు ఉండదు. కానీ పామ్ వరుసలో సెపర్మిట్ అనే మాడ్యూల్ ముందు నిలబడి, ఎస్ఈలినక్స్ ఎన్‌ఫోర్స్ స్థితిలో ఉంటేనే పాస్‌వర్డు లేకుండా లోపలికి వదులుతుంది. పెర్మిసివ్‌లో ఉంటే తలుపు తెరుచుకోదు. అంటే సెట్‌ఎన్‌ఫోర్స్ సున్నా కొట్టిన మరుక్షణం అతిథి ఖాతాయే పనిచేయడం మానేస్తుంది. కట్టడి పోయిందని లాగ్ చెప్పనక్కర్లేదు, కుర్చీలో కూర్చున్నవాడే కేక వేసి చెబుతాడు. ఆ ఖాతా పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని రాస్తే, ఒకసారికి ఒక్కరే లోపల ఉంటారు, బయటికి వెళ్లగానే ఆ ఖాతా ప్రక్రియలన్నీ చచ్చిపోతాయి. నేమ్‌స్పేస్ మాడ్యూల్ ఆ సెషన్‌కు తాత్కాలికమైన సొంత హోమ్ చూపిస్తుంది. నెట్‌వర్క్ బ్రౌజరుకు తప్ప మిగతావాటికి లేకుండా చేయవచ్చు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వాలా, బ్లూటూత్ వాడనివ్వాలా అనేవి ఒక్కో మీటతో తేలిపోతాయి.

లేబుల్ పద్ధతికీ దారి పద్ధతికీ ఉన్న తేడా కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఆప్‌ఆర్మర్ ఫైలు దారిని బట్టి నియమం రాస్తుంది, చదవడం తేలిక, రాయడం తేలిక. ఎస్ఈలినక్స్ వస్తువుకే ముద్ర వేస్తుంది. మనిషి లాగిన్ అయినప్పుడు ముద్ర ఫలానా ప్రోగ్రాము బిడ్డవు అని రాదు, ఫలానా వాడుకరివి అని వస్తుంది. కాబట్టి సెషన్ నడిపించేది ఎవరన్నది మారినా, ఆ వాడుకరి తరఫున లేచే సిస్టమ్‌డీ కూడా తన పామ్ వరుస ద్వారా అదే ముద్ర తెచ్చుకోవచ్చు. ఆప్‌ఆర్మర్‌లోనూ వాడుకరి పేరును బట్టి, గ్రూపును బట్టి టోపీ, అంటే ఉప ప్రొఫైల్, మార్చే పామ్_ఆప్‌ఆర్మర్ ఉంది. డెబియన్ 2019లో 10వ విడుదల నుంచి ఆప్‌ఆర్మర్‌ను అప్రమేయంగా పెడుతోంది కాబట్టి చాలామందికి చేతికందేది అదే. దాన్ని వాడేవారు వారసత్వం మీద ఆధారపడుతున్నామా, పేరు మీద ఆధారపడుతున్నామా అని ముందే తేల్చుకోవాలి.

వెసులుబాటు పక్షం: ఎక్స్‌గెస్ట్ తెలివైన ఏర్పాటే, ఆ మేరకు వాదం తగ్గించుకోక తప్పదు. తెలిసేట్టు విఫలమయ్యే తాళం మంచి తాళం. బ్రౌజింగ్ తప్ప వేరే పనిలేని కుర్చీకి దాన్ని పెట్టుకోమనడానికి అభ్యంతరం లేదు.

ల్యాబు దగ్గరికి వస్తే కథ మళ్లీ మారుతుంది. కట్టడి వాడుకరులు తమ హోమ్ ఫోల్డరులోని ప్రోగ్రాములు నడపకుండా ఆపే మీట ఒకటుంది, యూజర్_ఎగ్జెక్_కంటెంట్. భద్రత పాఠాలు దాన్ని ఆపేయమనే చెబుతాయి, పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చుకున్న చెత్త నడవదు కాబట్టి. కానీ మొదటి సంవత్సరం విద్యార్థి సీ ప్రోగ్రాము రాసి, కంపైల్ చేసి, వచ్చిన ఏ.అవుట్ ఎక్కడ నడపాలి? తన హోమ్‌లోనే. మీట ఆపితే ల్యాబు మూతపడుతుంది, ఆపకపోతే విద్యార్థి రాసినదేదైనా నడుస్తుంది. అతని పనే కొత్త ప్రోగ్రాములు నడపడం. అలాంటివాడికి కట్టడి రాయడం ఈతగాడికి నీళ్లు తగలకుండా చూడటం లాంటిది.

లస్కరు పోలికకూ ఒక కొనసాగింపు ఉంది. 2024 సెప్టెంబరు 1న కృష్ణ వరదలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీకి తగిలి గేట్ల కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. 1957 నుంచి ఉన్న ఆ బ్యారేజీకి 70 గేట్లు, ఏ గేటు ఎప్పుడు ఎంత ఎత్తాలో కాగితం ఉంది, ఎత్తేవాళ్లు ఉన్నారు. వచ్చిన ప్రమాదం గేటు మీటకు సంబంధించింది కాదు. లాగిన్ తెర విషయంలోనూ పడవలు వేరే దారిన వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినవాడికి డిస్కులోని పాలసీ ఏదీ వర్తించదు. బూట్ మొదలుపెట్టే గ్రబ్ వరుసలో ఎన్‌ఫోర్సింగ్ సున్నా అని చేర్చి బూట్ చేస్తే లస్కరు నిద్రలోనే లేస్తాడు. పాత ఎక్స్ తెర మీద ఒకే సెషన్‌లో నడిచే ఏ ప్రోగ్రాము అయినా పక్క ప్రోగ్రాములో కొట్టే అక్షరాలు వినగలదు. నెట్ సెంటర్లో విద్యార్థికి జరిగే నష్టం చాలాసార్లు బ్రౌజరు పాస్‌వర్డు గుర్తుపెట్టుకోనా అని అడిగినప్పుడు అవును అనడంతోనే జరుగుతుంది. బయోస్‌కు పాస్‌వర్డు పెట్టడం, గ్రబ్‌కు పాస్‌వర్డు పెట్టడం, డిస్కు ఎన్‌క్రిప్ట్ చేయడం, హోమ్ ఫోల్డర్ల పర్మిషన్లు బిగించడం ఒక పూట పని. ఇవి చేయకుండా పాలసీ రాయడానికి కూర్చోవడం, గోడకు గండి ఉండగా తలుపు గొళ్లేనికి నూనె వేయడమే.

కట్టడి పక్షం: ఆ పూట పని ముందు చేయాలన్న మాటకు అడ్డు చెప్పేవారెవరూ ఉండరు. ఎక్స్ బలహీనతను దాని స్థానంలో వచ్చిన వేలాండ్ చాలావరకు తీర్చింది. అక్కడ ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాము అక్షరాలు వినలేదు. సీ ల్యాబు విషయంలో మీట తెరిచి ఉంచాల్సిందే. అయినా యూజర్_యూ దండగ కాదు. విద్యార్థి ఏ.అవుట్ ఏం చేసినా తన ముద్రతోనే చేస్తుంది. సెట్‌యుఐడీ లోపం ఏదైనా దొరికి రూట్ సంఖ్య సంపాదించినా, డొమైన్ మారకపోతే ఆ రూట్ చేతులు కట్టేసిన రూటే. ఫైలు పర్మిషన్లు ఓడిపోయాక కూడా మిగిలే అడ్డు అదొక్కటి. కెర్నెల్‌లోనే లోపముంటే అది కూడా మిగలదు, ఆ మాట దాచిపెట్టక్కర్లేదు.

2017 అనుభవం తరువాత మిగిలేది పరీక్ష పద్ధతి. పాలసీ ఫైలు ఉందా, ఎన్‌ఫోర్స్ అని చూపిస్తోందా అని చూడటం సరిపోదు. విద్యార్థి ఖాతాతో, అతిథి ఖాతాతో నిజంగా తెర మీద నుంచే లాగిన్ అయి, లోపల టెర్మినల్ తెరిచి ఐడీకి పెద్ద జెడ్ జోడించి కొట్టాలి. వరుసగా యూజర్_టీ, ఎక్స్‌గెస్ట్_టీ అని రావాలి. ఆప్‌ఆర్మర్ అయితే ప్రక్రియల జాబితాలో ప్రొఫైల్ పేరు పక్కనే కనిపించాలి. ఆ తరువాత పక్కవాడి ఫోల్డరు తెరవబోయి, తెరుచుకోకపోవడం కళ్లారా చూడాలి.

వెసులుబాటు పక్షం: టెర్మినల్ ఒక్కటే చూస్తే చాలదు. అది ఎవరికి పుట్టిందో చూడాలి. మెనూలోంచి తెరిచిన బ్రౌజరు, డీబస్ పిలిస్తే లేచిన ఫైల్ మేనేజర్, సిస్టమ్‌డీ లేపిన సేవ, ఈ మూడింటి ముద్రలూ విడివిడిగా చూడాలి. అదీ ఒకసారి కాదు. సిస్టమ్‌డీ, డెస్క్‌టాప్, లాగిన్ మేనేజర్, పాలసీ ప్యాకేజీ, నాలుగింట్లో ఏది అప్‌డేట్ అయినా మళ్లీ చూడాలి. అప్‌డేట్లు రాత్రిపూట వాటంతటవే దిగుతాయి. నెట్ సెంటరు షట్టరు పొద్దున ఎనిమిదింటికి ఎత్తే కుర్రాడి చేతిలో తాళాల గుత్తి, ఆ రోజు చిల్లర ఉంటాయి. పై మూడు ముద్రలూ సరిచూసి, ఏదైనా తేడా వస్తే అతిథి ఖాతాను తనంతట తానే మూసేసే చిన్న స్క్రిప్టు ఒకటి లాగిన్ మేనేజర్ లేవకముందు నడిచేట్టు పెడితే, ఇంతసేపూ చెప్పిన అభ్యంతరాల్లో సగం వెనక్కి తీసుకోవచ్చు.

కట్టడి పక్షం: లాగిన్ మేనేజర్ లేవకముందు సెషన్ ఉండదు, సెషన్ లేకుండా ఆ ముద్రలు ఉండవు. ఆ స్క్రిప్టు అతిథి లోపలికి వచ్చాకే నడవగలదు, పామ్ సెషన్ వరుసలన్నీ దాటి డెస్క్‌టాప్ సగం లేచాక. అప్పటికి అతను కుర్చీలో కూర్చునే ఉంటాడు.